మూగబండ్ల సారు

హిందూపురం బస్టాండు వెనక సందులో ఒక టీ అంగడి ఉంది. దాని ముందు మురుగుకాలువ. జనం దాటడానికి ఈమధ్య దాని మీద ఒక రేకు బోర్డు పరిచారు. పోయిన వారం టీ తాగుదామని వెళ్లి, కాలు పెట్టబోతూ కిందికి చూశాను. దుమ్ము కొట్టుకుపోయిన నీలం అక్షరాలు. "మీ కారు మనసులోని మాట మేము చెబుతాము."

అది చదివి కాలు వెనక్కి తీసుకున్నానని రాస్తే చదివేవాళ్లకు నా మీద గౌరవం కలుగుతుంది. తీసుకోలేదు. రెండో కాలు కూడా పెట్టాను. అవతలికి దాటాను, ఇవతలికి వచ్చాను, మళ్లీ దాటాను. "మనసులోని" అన్న చోట కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను కూడా.

టీ అంగడాయన గ్లాసు కడుగుతూ చూస్తున్నాడు. "ఏమప్పా, ఏమన్నా పడేసుకున్నావా?"

"ఈ బోర్డు స్కానర్ సారుది కదా?"

"అవునప్పా. ఆయప్ప పోయినాడు కదా, గుండెనొప్పి వచ్చి. అంగడి ఖాళీ చేసేటప్పుడు దీన్ని పారేస్తాంటే, రేకు గట్టిగా ఉండాదని తెచ్చుకుంటి."

ఆయన పోయిన సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఒక్కసారే దాటేవాణ్ణి. బహుశా.

ఆయనను నేను ముప్పై ఏళ్లు ఎరుగుదును అని మొదలుపెట్టాలని నా చెయ్యి లాగుతోంది. ముప్పై ఏళ్ల కిందట మా ప్రాంతంలో కార్లకు కంప్యూటర్లు ఎక్కడివి, వాటిని పరీక్షించేవాళ్లు ఎక్కడ? ఏడెనిమిదేళ్లు ఎరుగుదును. అది చాలు. కొందరిని అసహ్యించుకోవడానికి అంత కాలం కూడా అక్కర్లేదు.

ఆయన చేసే పని ఇది. ఇప్పటి కార్లలో ఒక కంప్యూటరు ఉంటుంది. ఇంజనుకు ఏ జబ్బు వచ్చినా అది లోపల రాసిపెట్టుకుంటుంది. స్టీరింగు కింద, మోకాలి దగ్గర, అరచేతిలో సగమంత సాకెట్టు ఒకటి ఉంటుంది. ఈయన తన స్కానరు వైరు చివరన ఉన్న ప్లగ్గును అందులో గుచ్చుతాడు. కారు తన జబ్బును ఆ వైరు గుండా స్కానరుకు చెబుతుంది. స్కానరు తెర మీద చూపిస్తుంది. అది చదివి ఈయన మనకు చెబుతాడు. అంటే నడిమధ్యన చదివి వినిపించేవాడన్న మాట. కానీ ఆయన నడక చూస్తే కార్లను కన్నది ఆయనే అనుకుంటారు.

హిందూపురంలో అంగడి. వారంలో ఒకరోజు పెనుకొండ షెడ్డుకు, ఒకరోజు ధర్మవరానికి వచ్చేవాడు. తెల్లచొక్కా, మణికట్టు దాకా గుండీలు. గ్రీజు మరక ఆ చొక్కా మీద ఎవరూ చూడలేదు. బానెట్టు ఎత్తడు. "అది మెకానిక్కుల పని" అనేవాడు, దొడ్డి కడగడం ఎవరి పనో చెప్పినట్టు. ప్లగ్గు గుచ్చాక చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని చుట్టూ అందరినీ చూసేవాడు. టీ తాగుతున్నవాళ్లు కూడా గుటక మింగడం ఆపాలి. ఒకసారి పెనుకొండలో ఊరంతా అలా నిశ్శబ్దమైపోయింది. ఊరంతా అంటే షెడ్డులో ఉన్న నలుగురం. అందులో ఒకడు నిద్రపోతున్నాడు.

కారు సొంతదారుడు పాపం ఆత్రంగా చెప్పబోతాడు. "సార్, గేరు మార్చేటప్పుడు టకటక అని..."

"నువ్వు చెప్పద్దు. అది చెప్తాది."

ఇదే ఆయన మాట. ఎవరినీ మూడు ముక్కలు మాట్లాడనిచ్చేవాడు కాదు. ఏడాదిగా ఆ బండిలోనే పడి తిరుగుతున్న డ్రైవరుకు తెలిసింది ఆయనకు అక్కర్లేదు. పెట్టె చెప్పాలి. తెర మీద ఇంగ్లీషు అక్షరం, పక్కన నాలుగు అంకెలు వచ్చేవి. వాటిని పురోహితుడు గోత్రం చెప్పినట్టు చదివేవాడు. మనం చేతులు కట్టుకోవాలి.

మొదటిసారి ఆయన చేతికి నేను చిక్కింది లేపాక్షి రోడ్డులో కారు దగ్గుతూ ఆగిపోయినప్పుడు. నేను బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. జీవితమంతా బస్సు వెనక నిలబడి "రైట్, రైట్" అన్నాను. ముందు సీటులో కూర్చుని స్టీరింగు పట్టుకోవాలని ఎంత కోరికగా ఉండేదో డ్రైవర్లకు అర్థం కాదు. రిటైరైన మర్నాడే కారు కొన్నాను. మర్నాడు కాదులెండి, మా ఆవిడ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. అదీ కొత్త కారు కాదు. అయినా పెనుకొండ నుంచి ధర్మవరం దాకా కిటికీలో మోచేయి పెట్టుకుని నేనే నడుపుకుంటూ పోతుంటే, ఎదురుగా వచ్చే ప్రతి బస్సు నాకు సలాం కొడుతున్నట్టే ఉండేది.

ఆ మాట చెప్పబోయాను ఆయనకు. ఆయన వైరు చుట్టుకుంటూ, "ఈ వయసులో మీకు కారు ఏంటికి పెద్దాయనా? బస్సులుండాయి కదా" అన్నాడు.

కండక్టరుతో అనాల్సిన మాటేనా అది? ఆ రోజే ఆయనను నా మనసులో దించేశాను, స్టాపు లేని చోట.

కానీ మా అమ్మాయికి ఆయన మీద ఎనలేని గురి. ధర్మవరంలో టీచరు అది. నేను కారు నడపడం దానికి ఇష్టం లేదు. ఒకసారి వాళ్ల గేటుకు తగిలించాను. సరే, రెండుసార్లు. రెండోసారి గేటు మారింది కాబట్టి అది లెక్కలోకి రాదని నా వాదన. ఆ తర్వాత దసరా వెళ్లిన కొన్నాళ్లకు హైవే మీద కారు ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఇంజను చచ్చిపోతుంది. వెనక లారీ హారన్. మీటర్ల మధ్యన పసుపుపచ్చ లైటు. అది తెలిసి మా అమ్మాయి ఫోన్లో తెగేసి చెప్పింది.

"నాయనా, ఇంక ఒకటే మాట. స్కానర్ సారుకు చూపించు. బండి బాగవుతాదని ఆయప్ప అంటే నీ ఇష్టం, నడుపుకో. పోయిందని అంటే ఆదివారం గుజిరీకి ఇచ్చేద్దాం. ఏడ్చేది లేదు, అలిగేది లేదు."

గుజిరీ అంటే పాత ఇనుము కొనేవాడు. నా కారు బతుకు, నా ముందు సీటు బతుకు, నాకు బొత్తిగా గిట్టని మనిషి నోట్లో ఉన్నాయన్న మాట.

పెనుకొండ షెడ్డుకు పోయాను. సారు వచ్చాడు. ప్లగ్గు గుచ్చాడు. వేలు పెదవుల మీద పెట్టాడు. అందరం ఊపిరి బిగబట్టాం. తెర మీద చక్రం ఒకటి తిరిగి తిరిగి ఆగింది. ఆయన మళ్లీ గుచ్చాడు. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది.

"కమ్యూనికేషన్ లేదు."

ఆపరేషను గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు గొంతు అది. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత ఒక చిన్న టెస్టరు లైటు తీసి సాకెట్టులో పెట్టి చూశాడు. ఫ్యూజు పీకి చూశాడు. న్యాయంగా చెప్పాలంటే చూడవలసినవన్నీ వరసగా చూశాడు.

"కరెంటు వస్తాండాది. ఎర్త్ ఉండాది. ఫ్యూజు బాగుండాది. అయినా పలకలేదంటే ఇంక లోపల కంప్యూటరే చచ్చిపోయింది. ఇంత పాత బండికి కొత్తది దొరకదు పెద్దాయనా. గుజిరీకి వేసేయండి."

"ఇంకొకసారి..."

"మీరు చెప్పద్దు. అది చెప్పింది."

"అది ఏమీ చెప్పలేదు కదా సారూ?"

"ఏమీ చెప్పకపోవడమే చెప్పడం" అన్నాడు. అంత గొప్ప చెత్త మాట నేను నా సర్వీసులో తాగుబోతు ప్యాసింజర్ల దగ్గర కూడా వినలేదు. అని, నా ఎదురుగానే మా అమ్మాయికి తనే ఫోను చేసి చావు కబురు చెప్పాడు.

అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్లు చెబితే తెలిసింది, నాది మొదటి చావు కాదు. దసరా తర్వాత ఆయన ముట్టుకున్న బండ్లన్నీ మూగవైపోతున్నాయి. లేపాక్షికి యాత్రికులను తిప్పే జీపు మూగది. గోరంట్ల టమోటా వ్యాను మూగది. ఆ వ్యానాయన ఈయన మాట నమ్మి అప్పటికే బండిని గుజిరీకి తోలేశాడు. వరసగా వచ్చిన బండ్లన్నీ పలకకపోతే, మూగతనం బండ్లదా, అడిగేవాడిదా అని మనిషన్నవాడికి అనుమానం రావాలి కదా. ఈయనకు అనుమానం రాలేదు. సిద్ధాంతం వచ్చింది.

"నంబులపూలకుంట పక్క అన్ని సోలార్ పలకలు పరిచినారు కదా. ఆ పవరు గాల్లో కలిసి ఇట్ల కొడతాండాది. కార్ల కంప్యూటర్లు తట్టుకోలేవు."

బెంచీ మీద నంబులపూలకుంట మనిషే ఒకడు ఉన్నాడు. "మా పక్క కార్లన్నీ బాగానే తిరుగుతాండాయి సార్" అన్నాడు మెల్లిగా.

"దగ్గరుండేవాళ్లకు తెలీదబ్బా. దూరం పోయేకొద్దీ ముదురుతాది."

ఆ మనిషి తల ఊపాడు. అందరూ ఊపారు. తెల్లచొక్కా చేతుల గుండీలు పెట్టుకుని ఏం చెప్పినా మనవాళ్లు ఊపుతారు.

ఇంటికొచ్చి, డ్రైవరు సీటు మీద పరుచుకునే తెల్ల తువ్వాలు తీసి చూస్తే దాని మీద చుక్కలు. పైన ఒక వరస, కింద ఒక వరస. పసుపు రంగు, మధ్యలో ఎరుపు. సారు ప్లగ్గు పీకి సీటు మీద పడేసినప్పుడు పడిన గుర్తులవి. చూడగానే నాకు విషయం మొత్తం మెరుపులా తట్టింది.

తట్టలేదు. ఎవడో పులిహోర తిని చెయ్యి తుడిచాడనుకున్నాను. తువ్వాలు ఉతకడానికి తీసుకున్న మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది పూజ పసుపు కదా. కుంకం కూడా ఉండాది. దేనికి పెట్టినారు ఇన్ని బొట్లు?" అంది. అప్పుడు తట్టింది. దసరాకు మావాళ్లు ఆయుధపూజ చేస్తారు. లారీకి, మగ్గానికి, కత్తెరకు, తక్కెడకు బొట్టు పెట్టనివాడు లేడు. స్కానరుకు మాత్రం ఎందుకు పెట్టరు?

మర్నాడు శుక్రవారం. హిందూపురం పోయాను. బస్సులో. ఆయన సలహా పాటించినట్టయిందని దారి పొడుగునా పళ్లు కొరుక్కున్నాను.

అంగడిలో ఒక్కడే ఉన్నాడు. "సారూ, మీ ప్లగ్గు ఒకసారి చూపించండి" అన్నాను. చూపించలేదు. నేనే లాక్కున్నాను. ప్లగ్గు లోపల సన్నని ఇత్తడి సూదుల్లాంటివి రెండు వరసలుగా ఉన్నాయి. ఒక్కొక్క సూదికి ఒక్కొక్క బొట్టు. తడిపిన పసుపు ఆరి పెచ్చుకట్టింది. దాని మీద కుంకుమ. ఎంత శ్రద్ధగా పెట్టారంటే, ఏ పెళ్లికూతురికీ అంత పొందికగా పెట్టి ఉండరు. ఇక కారు చెప్పే మాట ఆ పెచ్చు దాటి వైరులోకి ఎలా పోతుంది?

"ఎవరు పెట్టినారు?"

"మా అమ్మ. దసరాకు. మల్ల శుక్రవారం శుక్రవారం కొత్తది పెడ్తాది."

"తుడిచేయండి."

"బొట్టు తుడిచేదా? ఏం మాట్లాడతాండారు పెద్దాయనా. అన్నం పెట్టే వస్తువుకు బొట్టు తుడుస్తారా యాడన్నా?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన చూపు తప్పించాడు. మూడు ఊళ్లలో ఎవరి ఎదుటా తప్పించని చూపు.

"మీకు ముందే తెల్సా?"

"జీపు వచ్చినప్పుడు అనుమానం వచ్చింది" అన్నాడు.

"జీపు తర్వాత కదా టమోటా వ్యాను?"

ఆయన నా చేతిలోంచి వేలాడుతున్న వైరును చుట్టడం మొదలుపెట్టాడు.

"కొత్త వైరు కొనచ్చు కదా?"

"దానికీ పెడ్తాది."

"అయితే ఆయమ్మకు చెప్పచ్చు కదా, ఇట్ల పెట్టద్దమ్మా అని?"

"చెప్పేదెట్ల?" అన్నాడు.

కార్ల మనసులోని మాట చెప్పే మనిషి అన్న మాట అది. తల్లి పెట్టిన బొట్టు వద్దనడానికి నోరు రాక, ఒకడి బతుకు బండిని గుజిరీకి పంపాడు. నన్ను జాలిపడమంటారా? నాకు ఒళ్లు మండింది. ఆయనను పక్కకు నెట్టి, అంగడి వెనక ఇంట్లోకి నేనే పోయాను. నెట్టాను అన్నది కొంచెం ఎక్కువ. ఆయనే పక్కకు తప్పుకున్నాడు.

ముసలమ్మ నడవలో కూర్చుని గిన్నెలో పసుపు కలుపుతోంది. అంత గట్టి మనిషికి ఇంత చిన్న తల్లి. నేనెవరో చెప్పాను. కూర్చోమంది.

"అమ్మా, మీవాడి పెట్టెకు బొట్లు పెడతాండారంట."

"పెడతానప్పా. ఇంతకు ముందు మూత మీద పెడుతుంటి. ఈ దసరాకు కొత్త పెట్టె తెచ్చినాడు. దీంట్లో ముఖ్యమైంది యాది రా అని అడిగితిని. ఫోన్లో మాట్లాడుకుంటా ఈ కొన చూపించినాడు. సరే, ముఖ్యమైందానికే పెడదామని ఒక్కొక్క దానికి అగ్గిపుల్లతో పెట్టినా. కండ్లు కనపడక శానాసేపు పట్టింది."

"అది దాని నోరమ్మా. ఆడ పసుపు పెడితే అది మాట్లాడదు."

చెయ్యి ఆగిపోయింది. "నోరా?" నా వెనక, గుమ్మంలో నిలబడిన కొడుకు వైపు చూసింది. "నోట్లో పసుపు పోస్తే ఎవురు మాత్రం మాట్లాడతారు? నాకు చెప్పకూడదా రా?"

ఆయన గుమ్మం చెక్కను గోటితో గీకుతున్నాడు.

"అన్నం పెట్టమ్మా అంటాడు, చాలమ్మా అంటాడు" అంది నాతో. "ఆ రెండే. మూడో మాట ఉంటే కదప్పా నాకు తెలిసేది." మళ్లీ కొడుకుతో, "దీనికి నుదురు యాడుండాదో చూపించు. ఈసారి ఫోను పక్కన పెట్టి చూపించు."

ఆయన వచ్చి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. స్కానరు తెరకు పైన, అంచు మధ్యలో వేలు పెట్టాడు. ముసలమ్మ ముందు అక్కడ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. అది పెట్టాక గానీ ప్లగ్గును ముట్టుకోలేదు. కొత్త బొట్టు పడ్డాక పాత బొట్టు తీస్తే అది తుడవడం కాదట, మార్చడమట. ఒక్క నిమిషం కూడా ఆ వస్తువు బొట్టు లేకుండా ఉండలేదు. ఈ మార్గం దసరా నుంచీ అక్కడే ఉంది. అడగడానికి ఈయనకు నోరు రావాలి, అంతే.

దీపానికి పెట్టే ఒత్తులు తెమ్మంది. ఆయన అంగడిలోంచి స్పిరిటు తెచ్చాడు. ఒత్తి ముంచి ఒక్కొక్క సూదినీ తుడిచారు. ఆమె కళ్లకు కనిపించనిది ఆయన చూపించాడు, ఆయన చేతికి అందనిది ఆమె తుడిచింది. నాకూ కాఫీ ఇచ్చారు. ఎక్కువ రాయను. చూడ్డానికి బాగుందని ఒప్పుకుంటే ఈ వ్యాసం మొత్తం పాడైపోతుంది.

ఆదివారం పొద్దున గుజిరీవాడు తాడు, టెంపో తీసుకుని పెనుకొండ వచ్చేశాడు. మా అమ్మాయి ధర్మవరం నుంచి వచ్చింది. నేను కారు తాళాలు నడుముకు దోపుకుని, దాని బానెట్టు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. సారు వస్తాడో రాడో తెలియదు. ఆయనకు అది పెనుకొండ రోజు కాదు. నేను రమ్మని అడగలేదు. అడిగాను. బతిమాలాను కూడా. శుక్రవారం గుమ్మం దాటుతూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన మాత్రం వస్తాననలేదు.

వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. ప్లగ్గు గుచ్చి, వేలు పెదవుల మీద పెట్టాడు. గుజిరీవాడు బీడీ తీయబోయి ఆగాడు. చక్రం తిరిగింది. తెర మీద అక్షరం, నాలుగు అంకెలు వచ్చాయి. ఇంజను తిరిగే వేగాన్ని కంప్యూటరుకు చెప్పే సెన్సరు దగ్గర ఏదో తెగిందట.

"మెకానిక్కును పిలుచుకొస్తా" అన్నాను.

ఆయన బానెట్టు ఎత్తాడు. ఎత్తి, చొక్కా చేతులు మడిచి, ఇంజను మీదికి సగం వంగి లోపలికి చెయ్యి పెట్టాడు. కాసేపటికి ఒక వైరు పైకి లాగి చూపించాడు. ఎలుక కొరికింది. ఒక్క పోగు మీద వేలాడుతోంది. బండి అదిరినప్పుడల్లా అది విడిపోయి ఇంజను ఆరిపోతోంది. కలిపి, టేపు చుట్టాడు. తాళం తిప్పాను. స్టార్టయింది. ఆగలేదు. చుట్టుపక్కల పొలాల్లో ఎలుకలన్నీ పారిపోయేటట్టు రేస్ చేశాను. ఆ వైరును నేనే కనిపెట్టానని చాలామందికి చెప్పాను. ఆయనే కనిపెట్టాడు. చొక్కా పొట్ట మీద అడ్డంగా నల్లటి గ్రీజు పట్టీ పడింది. చూసుకోలేదు.

మా అమ్మాయి ముందుకొచ్చింది. "సారూ, మొన్న కంప్యూటరే చచ్చిపోయిందంటిరి కదా. ఈ పొద్దు ఎట్ల మాట్లాడింది?"

గుజిరీవాడూ చూస్తున్నాడు. షెడ్డు బెంచీ వాళ్లూ చూస్తున్నారు. ఆయన నా వైపు చూశాడు. ఒక్క మాట నేను చెబితే చాలు, తెల్లచొక్కా పరువు అక్కడే కాలువలో కలుస్తుంది. రెండు రోజులుగా ఆ మాట కోసమే నాలుక దురద పెడుతోంది. కానీ మొన్న ఈయన చెప్పింది తప్పని తేలితే, ఇవాళ బండి బాగుందని ఈయన చెప్పేది మాత్రం మా అమ్మాయి ఎందుకు నమ్ముతుంది? టెంపో ఇంజను ఆపకుండా పెట్టాడు గుజిరీవాడు.

"సోలార్ ఎఫెక్టమ్మా" అన్నాడు సారు. "అట్లే వస్తాది, అట్లే తగ్గుతాది. ఇప్పుడు బండికేమీ భయం లేదు."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. "నిజమా నాయనా?"

"అవును పాపా" అన్నాను. "పేపర్లో కూడా వేసినారు."

పేపరు సంగతి ఎవరూ అడగలేదు. నేనే కలిపాను. సారు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తనకంటే పెద్ద పనివాణ్ణి చూసినట్టు చూశాడు.

గుజిరీవాడు తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. నేను సారును పక్కకు పిలిచి, "గోరంట్ల ఆయనకు కూడా చెప్పండి. బండి ఇంకా కోసి ఉండరేమో" అన్నాను. అక్కడే ఫోను చేశాడు. "సోలార్ తగ్గింది. బండి వెనక్కి తెచ్చుకో, చూస్తా" అన్నాడు. తప్పు నాది అనలేదు. అవతల మాట నాకు వినిపించలేదు. ఈయన "ఓహో" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే కోసేశారట. ఆ వ్యానాయన తర్వాత వేరేవాళ్ల ఆటోకు డ్రైవరుగా పోయాడు. గోరంట్ల సంతలో అప్పుడప్పుడు కనిపిస్తాడు. బండి ఏమైందని ఎవరైనా అడిగితే, సోలార్‌కు పోయిందంటాడు.

ఆ మాట విన్నప్పుడల్లా ఈ స్కానర్ సారును తిట్టుకుంటాను. తిట్టుకుంటూ పోతాను, ఆ మనిషి దగ్గర ఆగి నిజం ఇదీ అని చెప్పను. పేపర్లో వేశారన్న నోరు నాదే కదా.

ఆయన మారాడనుకోకండి. "నువ్వు చెప్పద్దు, అది చెప్తాది" చివరి దాకా అలాగే నడిచింది. ఒక్కటే తేడా. చొక్కా జేబులో పెన్ను పక్కన ఒక దీపం ఒత్తి ఉండేది. ప్లగ్గు గుచ్చే ముందు దాన్ని తీసి, ఎవరూ చూడకుండా తుడిచేవాడు. రెండేళ్లకు ఆ ముసలమ్మ పోయింది. తర్వాత కూడా స్కానరు నుదుటి మీద శుక్రవారం శుక్రవారం కొత్త బొట్టు కనిపించేది. ఎవరు పెడుతున్నారని నేను అడగలేదు. అడిగితే సోలార్ అనేవాడేమో.

టీ తాగడం అయిపోయింది. బయట నా కారు నిలబెట్టి ఉంది, పెనుకొండ నుంచి నేనే నడుపుకుంటూ వచ్చింది. కాలువ దాటాలి. బోర్డు ముందు ఆగాను.

"ఏమబ్బా" అన్నాను టీ అంగడాయనతో, "ఈ రేకు తిప్పి వెయ్యి. అక్షరాలు కిందికి పోనీ."

"ఏంటికప్పా?"

"రంగు ఉన్న పక్క నున్నగా ఉంటాది. వానకు తడిసిందంటే ఎవరన్నా జారి పడతారు."

ఆయన ఆకాశం వైపు చూశాడు. నన్ను చూశాడు. హిందూపురంలో వాన ఎక్కడిదని నాకూ తెలుసు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని తిప్పాం.